మాలకొండమ్మ ఇంటి బండ

పెళ్ళయి గాజులకుంటకు కాపురానికొచ్చిన ఫెబీకి ఆ పల్లెలో ప్రతిదీ ముద్దుగానే కనబడింది. కొత్త కోడలి కోసమని మామ ఆశీర్వాదం ఇంటి వెనక కట్టించిన స్నానాల గది, దాని గులాబీరంగు తలుపు, రంగు ఆరకముందే ఆ తలుపు మీద పడి అట్లే ఉండిపోయిన మొగుడు క్రాంతి కుమార్ అరచేతి గుర్తు, కంభం నుంచి అతను తెచ్చే బజ్జీల పొట్లంలో ఇల్లు చేరేసరికి ఎప్పుడూ ఒకటి తగ్గి ఉండటం, అన్నీ ముద్దే. కురిచేడులో రైలు కూతకు నిద్ర లేచి పెరిగిన పిల్ల ఇప్పుడు పిల్లల ఎక్కాలకు లేస్తోంది. ఇంటికి ఆనుకునే బడి మరి.

బడి అంటే ఒకే గది. గోడలు నల్లటి పలకరాయి, పైన చెక్క దూలాల మీద పరిచిన పలకబండలు. వాకిట్లో వేపచెట్టు నీడలో అత్త మణెమ్మ మధ్యాహ్నం భోజనం వండుతుంది. ఉన్న ఒక్క టీచరమ్మ సంధ్యారాణి మార్కాపురం నుంచి స్కూటీ మీద వస్తుంది. ఐదు తరగతులూ ఆమెవే. ఒక తరగతికి లెక్కలు చెప్తుంటే ఇంకో తరగతి వాళ్ళు కొట్టుకుంటారు. ఆ గొడవ చూడలేక ఫెబీ ఒకరోజు లోపలికెళ్ళి చిన్నపిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుంది. డిగ్రీ చదివిన పిల్ల, ఇంట్లో పెద్దగా పని లేదు. మర్నాడు పిల్లలే వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కుపోయారు. శుక్రవారం పల్లీ చిక్కీ పంచినప్పుడు ఫెబీకీ ఒక ముక్క పెట్టారు. ఆ ముక్కను పమిట కొంగులో దాచి సాయంత్రం మొగుడికి సగం కొరికి ఇచ్చింది.

బడి కథ ఆమెకు మామ చెప్పాడు. ఇదంతా కర్నూలు జిల్లాగా ఉన్న రోజుల్లో ఆశీర్వాదం తాత నతానియేలు పంతులు మిషను వాళ్ళ పంపున ఈ పల్లెకొచ్చి, పశువుల కొట్టంలో పిల్లలకు అక్షరాలు దిద్దించాడట. గది కట్టుకోవాలంటే మిషను వాళ్ళు గోడలకూ దూలాలకూ డబ్బిచ్చి కప్పుకు ఇవ్వలేకపోయారు. అప్పుడు పంతులు ఇల్లిల్లూ తిరిగి, ఇంటికొక బండ తెచ్చుకోండి, మీ బండ కింద మీ పిల్లాడు కూర్చుంటాడు అన్నాడు. కూలి చేసుకుని బతికేవాళ్ళు బండ్లు బాడుగకు తీసుకుని మార్కాపురం గనుల దాకా పోయి ఇంటికొకటి తెచ్చారు. గొర్రెల వీధి నుంచి మాత్రం ఒక్కడే వచ్చాడు, ఇప్పటి గోవిందయ్యకు తాత. మాలపల్లె బడికి బండ మోస్తావా అని సొంత వీధి వాళ్ళే అతన్ని వెలివేసినంత పని చేశారు. అతను వినలేదు. వానలో తడుస్తూ గొర్రె కాసే బతుకు తన కొడుక్కి వద్దనుకున్నాడు.

అప్పటి నుంచీ ఆ కప్పు ఇళ్ళవారీగానే ఉంది. ఏటా వానల ముందు ప్రతి ఇంటి మగబిడ్డా పైకెక్కి తన ఇంటి బండ చుట్టూ సందులు పూడ్చి దిగుతాడు. ఒకప్పుడు సున్నపు గచ్చుతో, ఇప్పుడు సిమెంటుతో. ఆదివారాలు అదే గదిలో ప్రార్థన జరిగిన కాలంలోనూ, తర్వాత ప్రభుత్వం బడిని తీసుకున్నాక కూడా ఈ పద్ధతి మారలేదు. పల్లె వదిలి గుంటూరుకో హైదరాబాదుకో పోయినవాళ్ళు సైతం ఎండాకాలంలో ఒక పూట వచ్చి పూసి, భోంచేసి, బస్సెక్కుతారు. ఇదంతా విని ఫెబీ ఆ రాత్రి అన్నం తింటూ, మన బండ ఏది, మన బండ ఏది అని క్రాంతిని వేధించి, పొద్దున్నే బడిలోకి పోయి తలెత్తి చూసుకుని, దాని కింద ఒక నిమిషం కూర్చుని వచ్చింది.

మార్చిలో ఒక అకాల వాన కురిసింది. గదిలో ఒకే ఒక్కచోట, కిటికీ పక్కన, నీళ్ళు ధారగా కారాయి. పిల్లలు అలవాటుగా చాప జరిపి, బకెట్టు పెట్టి, పాఠంలో పడ్డారు. వాన తగ్గాక మనవరాలు అంజలిని తీసుకుపోవడానికి మాలకొండమ్మ వచ్చింది. గోవిందయ్య భార్య ఆమె. మొగుడు గొర్రెలతో దిగువకు పోతే మనవరాలి బడి కోసం తానొక్కతే ఇల్లు కాపాడుకుంటూ ఉంటుంది. అంజలి తల్లి కాన్పులోనే పోయింది. తండ్రి కృష్ణ బెంగళూరులో భవనాల పనికి పోయి రెండేళ్ళు దాటింది. మొదట్లో ఫోను చేసేవాడు. తర్వాత ఆ నంబరు పలకడం మానేసింది.

బకెట్టు నిండడం చూసి ఫెబీ, ఈసారి పూయించెయ్ పెద్దమ్మా అంది.

"ఉండనీలే కోడలా," అంది మాలకొండమ్మ నవ్వుతూ. "ఆ పని మా కృష్ణది. వాడొచ్చి పూస్తాడు. నేను ఇంకొకరితో పూయించినానంటే, నేనేమైపోయినా అని నా మీద ఎగరడూ?"

అంజలి బడి సంగతీ అంతేనని మణెమ్మ ఇంటికొచ్చాక చెప్పింది. నేనొచ్చేదాకా పిల్లను బడి మానిపించొద్దమ్మా అని చెప్పి బస్సెక్కాడట కృష్ణ. ఆ మాట పట్టుకుని, గోవిందయ్య మోకాళ్ళు వంగక గొర్రెల వెంట నడవలేకపోతున్నా, మాలకొండమ్మ పిల్లను బడి నుంచి కదలనీయలేదు.

ఏప్రిల్లో సంధ్యారాణి ఒక కబురు మోసుకొచ్చింది. చిన్న బడుల్ని రోడ్డు మీది ఊరి బడిలో కలిపేస్తున్నారు. పిల్లలు కావలసినంతమంది ఉండి, గది బాగుంటేనే ఉంచుతారు. బడి తెరిచాక వానల్లోనే ఒక ఇంజినీరు వచ్చి గది చూస్తాడు. పిల్లల లెక్క సరిగ్గా సరిపోయింది, ఒక్క తల ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఇక గది. రోడ్డు మీది ఊరికి పోవాలంటే మధ్యలో వాగుంది, దాని మీద వంతెన లేదు. ఆశీర్వాదం ఆ సాయంత్రం బడి వాకిట్లో ఒంటరిగా కూర్చున్నాడు. తాత కట్టించిన గది నా కళ్ళ ముందే మూతబడితే నేనెందుకు బతికున్నట్టు అని మణెమ్మతో అన్నాడట. ఫెబీకి ఆ మాట ముల్లులా దిగింది. ఈ బడి పోకూడదు, ఏం చేసైనా పోకూడదు అనుకుంది.

సెలవులివ్వగానే మాలకొండమ్మ అంజలిని తీసుకుని కురిచేడు దాటి కాలువ కింది పొలాలకు, గోవిందయ్య మంద దగ్గరికి పోయింది. అక్కడ కోసిన చేలల్లో గొర్రెల్ని ఆపితే రైతులు ఎరువు కోసమని గింజలిస్తారు. ఫెబీ చిన్నప్పుడు తన ఊరి చేలల్లో అట్లాంటి మందల్ని ఎన్నో చూసింది. పల్లెలో ఒక్కొక్కరే పైకెక్కి తమ బండలు పూసుకున్నారు. జూన్‌లో బడి తెరిచారు. మాలకొండమ్మ రాలేదు. ఈ వైపు ఇంకా గడ్డి మొలవలేదు, మొలిచాక గానీ మంద కదలదు. ఇంజినీరు మరుసటి వారం వస్తాడని సంధ్యారాణికి ఫోనొచ్చింది. తిరిగొచ్చే దాకా అంజలి పేరు ఎట్లాగో నిలిపి ఉంచొచ్చు గానీ, కారే కప్పును ఎక్కడ దాచేది?

ఫెబీ మామను అడిగింది, ఆ ఒక్క బండా మనమే పూసేద్దామని. ఆశీర్వాదం తల అడ్డంగా ఊపి బయటికి పోయాడు. సంఘపెద్దను అడిగితే, అది వాళ్ళ ఇంటి బండ తల్లీ అని మాట తుంచేశాడు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఇదంతా ఊరి మొండితనమే అనుకుంది ఫెబీ. క్రాంతి కూడా వెంటనే ఒప్పుకోలేదు.

"ఇంకొకరి బండ మనం ముట్టకూడదు ఫెబీ."

"ఏం? దానికి ఆధార్ కార్డు ఉందా బావా?"

అతనికి నవ్వొచ్చింది. పెళ్ళయి నాలుగు నెలలు, ఆమె నవ్విస్తే అతను దేనికైనా కరిగిపోయే రోజులు. బడి మూసేస్తే మామయ్య ఏమైపోతాడో చూడు బావా, వాగు దాటి ఆ చంటిపిల్లలు ఎట్ల పోతారో చూడు బావా అని ఆమె అంటూనే ఉంది. స్నానాల గది కట్టగా మిగిలిన సిమెంటు బస్తా వసారాలో ఉండనే ఉంది.

తెల్లారగట్ల ఇద్దరూ నిచ్చెనేసి ఎక్కారు. ఫెబీకి అది పండగలాగుంది. నల్లమల మీద అప్పుడే వెలుగు పడుతోంది. ఊరంతా కింద, వాళ్ళిద్దరే పైన. నీళ్ళు కలుపుతూ అతని ముక్కుకు సిమెంటు బొట్టు పెట్టి నవ్వుకుంది. క్రాంతి మాత్రం తాపీ చేతబట్టుకున్నా సిమెంటు తీయలేదు.

"వాడూ నేనూ ఒకే చాప మీద కూర్చుని చదువుకున్నోళ్ళం," అన్నాడు చివరికి. "ఇంక రాడేమో ఫెబీ వాడు."

"వస్తాడులే. వచ్చి, నా పని మీరెందుకు చేసినారని నీతో జగడం పడతాడు," అంది ఆమె. అతను సందులన్నీ పూడ్చి, తాపీతో నున్నగా దిద్దాడు.

పిల్లలొచ్చే వేళకు పల్లెలో అందరికీ తెలిసిపోయింది. తిట్టినవాళ్ళు లేరు. మెచ్చుకున్నవాళ్ళూ లేరు. ఆశీర్వాదం బడిలోకి వచ్చి ఆ మూలకు చూసి, కండువాతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు. గొర్రెల వీధి నుంచి ఇద్దరు ముసలివాళ్ళు వచ్చి వాకిట్లో నుంచే తలెత్తి చూసి, చెప్పులు ఈడ్చుకుంటూ తిరిగి పోయారు. మణెమ్మ మాత్రం ఆ రోజు కోడలితో సరిగ్గా మాట్లాడలేదు. ఇంజినీరు వచ్చిన రోజు దంచి కొట్టింది వాన. అతను గది మధ్యలో నిలబడి నాలుగు మూలలా చూశాడు. ఒక్క చుక్క పడలేదు. పాతకాలం కట్టుబడి, ఇంకో తరం నిలబడుతుంది అని సంధ్యారాణితో అని, మణెమ్మ ఇచ్చిన టీ తాగి జీపెక్కాడు. ఫెబీ ఆ సాయంత్రం పిల్లలందరికీ బొరుగులు పంచింది.

మాలకొండమ్మ ఆ తర్వాతి సోమవారం వచ్చింది. ముసురు పట్టింది. కొత్త బ్యాగు వేసుకున్న అంజలిని చేతబట్టుకుని, నెత్తిన గోనెసంచి కొప్పెర వేసుకుని బడి గడప దగ్గరికి వచ్చి ఆగింది. బకెట్టు ఉండే చోట ముగ్గురు పిల్లలు పొడిగా కూర్చుని పలకల మీద రాసుకుంటున్నారు. ఆమె వాళ్ళను చూసింది. తర్వాత కప్పును చూసింది. ఫెబీ మురిసిపోతూ లేచి ఎదురెళ్ళింది.

"మా బండ ఎవరు పూసినారు?"

ఆ గొంతు విన్నాక ఫెబీ నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. సంధ్యారాణి పుస్తకంలోకి చూసింది. బయట పొయ్యి దగ్గర మణెమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. మాలకొండమ్మ ఇంకోసారి అడగలేదు. అంజలి భుజం మీద నుంచి బ్యాగు తీసి చేత్తో పట్టుకుంది. పిల్లను నడిపించుకుంటూ వీధి బోరు దగ్గరికి పోయి, కట్టుకున్న చీరతోనే కూర్చుని, ఒక చేత్తో బోరు కొడుతూ ఇంకో చేత్తో నెత్తిన నీళ్ళు పోసుకుంది. వాన ఒకపక్క పడుతూనే ఉంది. ఆ వానలో ఆమె తలస్నానం చేయడం చూసి మణెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఎంత పని చేసినావే ఫెబీ," అంది.

అప్పుడు చెప్పింది మణెమ్మ, ఇన్నాళ్ళూ నోటికి రానిదాన్ని. ఎవరి ఇంటి బండ వాళ్ళే పూయాలి. పూసే బిడ్డ ఇంక లేడని తేలిపోయి, ఆ ఇల్లు ముగిసిపోయిందని తెలిసినప్పుడు మాత్రం ఊరివాళ్ళు ఎక్కి పూస్తారు. ఆ చావు కబురు ఇంటివాళ్ళ మొహాన నోటితో చెప్పలేరు కాబట్టి, బండ పూసి చెప్తారు. నతానియేలు పంతులు కాలంలో కలరాకు ఒక ఇంటి పిల్లలందరూ పోతే అట్ల మొదలైంది. మాలకొండమ్మ దిగువ నుంచి వచ్చి చూసేసరికి తన బండ పూసి ఉంది. అంటే బెంగళూరు నుంచి ఏదో కబురొచ్చింది, ఊరు తనకు చెప్తోంది. ఆమెకు అర్థమైంది అదే.

తెల్లారి ఫెబీ, క్రాంతి గొర్రెల వీధికి పోయారు. గోవిందయ్య అరుగు మీద గోడకు తిరిగి పడుకుని ఉన్నాడు. మాలకొండమ్మ వాళ్ళకు చాప వేసి, మజ్జిగ ఇచ్చి, ఎదురుగా కూర్చుంది. కళ్ళు ఉబ్బి లేవు.

"ఎప్పుడు తెలిసింది నాయనా మీకు? ఆ ఒక్కటి చెప్పు చాలు," అంది క్రాంతితో.

ఏమీ తెలియలేదనీ, ఏ కబురూ రాలేదనీ, ఇంజినీరు వస్తాడని బడి కోసం పూశామనీ క్రాంతి ఒట్టు పెట్టుకుని చెప్పాడు. ఫెబీ ఆమె కాళ్ళు పట్టుకుంది. తనకు అర్థం తెలియదని, తెలిస్తే ఆ నిచ్చెన తాకేదాన్ని కాదని ఏడ్చింది. మాలకొండమ్మ ఆమె చేతుల్ని మెల్లగా విడిపించింది.

"నువ్వు తెలీక పూసినావు కోడలా. నిన్ను నేనేమీ అనను. మీ మామ చూసినాడు. మీ సంఘపెద్ద చూసినాడు. మా వీధి వాళ్ళు పోయి చూసొచ్చినారు. తడి మీదుండగానే గీకెయ్యండ్రా అని ఒక్క నోరన్నా లేచిందా?"

క్రాంతి మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు.

"లేవలేదు. అంటే మా కృష్ణ ఎప్పుడో పోయినాడని అందరి మనసులో ఉంది. నా ఒక్కదాని మనసులోనే లేదు."

నేను బెంగళూరు పోతాను పెద్దమ్మా, వాడు ఉన్న చోటల్లా వెతికి కబురు తెస్తాను అన్నాడు క్రాంతి.

"వద్దు నాయనా. రెండేండ్లుగా ఏ బస్సు ఆగినా లేచి కూర్చున్నా. నిన్న నీళ్ళు పోసుకున్నాక రాత్రి కన్ను మూత పడింది నాకు. మళ్ళా నన్ను లేపొద్దు."

అంజలి సంగతి ఫెబీ అడగబోయింది. ఆమే చెప్పింది. కృష్ణ తానొచ్చేదాకా అన్నాడు కాబట్టి బడికి పంపాను, ఇప్పుడు ఎవరు వచ్చేదాకా అని పంపేది, ఈయన నడవలేడు, మందకు ఒక మనిషి కావాలి అంది. ఎనిమిదేళ్ళ పిల్ల పెద్దమ్మా అంది ఫెబీ. వాళ్ళ తాత ఏడేళ్ళకు పట్టినాడు కర్ర అంది మాలకొండమ్మ, గొంతు పెంచకుండానే.

ఆ మధ్యాహ్నం ఆశీర్వాదం ఉలీ సుత్తీ తీసుకుని బడి పైకెక్కాడు. మునుపటి సున్నమైతే గోటితో లాగినా వచ్చేది. సిమెంటు పట్టుకుంటే వదలదు. రెండు దెబ్బలకు బండ అంచు పెచ్చు లేచింది. ఇంకో దెబ్బ వేస్తే బండే పగిలిపోతుంది. గోవిందయ్య తాత వీధి మాట కాదని మోసిన బండ. ఆశీర్వాదం సుత్తి పక్కన పెట్టి, దిగడానికి ఎవరైనా చెయ్యివ్వాలని పిలిచే దాకా అక్కడే కూర్చున్నాడు. క్రాంతి ఎక్కి దింపుకొచ్చాడు. ఆ రాత్రి తండ్రీ కొడుకులు పళ్ళేల ముందు కూర్చుని, ఇద్దరూ తినకుండా లేచారు.

ఫెబీ ఇంకా వారం పాటు గొర్రెల వీధికి తిరిగింది. అంజలిని తానే బడికి తీసుకుపోయి తెచ్చి దింపుతానంది, మంద కాయడానికి మనిషిని చూస్తానంది. మాలకొండమ్మ ప్రతిసారీ చాప వేసింది, మజ్జిగ ఇచ్చింది, మాట మాత్రం మార్చుకోలేదు. ఒక్క తల తగ్గింది. కలిపేస్తున్నట్టు సంధ్యారాణికి ఉత్తర్వు వచ్చింది. ఇంజినీరు బాగుందని రాసి పోయిన గదికి తాళం పడింది. బెంచీలు, నల్లబల్ల, బీరువా ట్రాక్టరెక్కాయి. సంధ్యారాణి మణెమ్మను కౌగిలించుకుని, మీ చేతి పప్పు ఎక్కడ దొరుకుతుందక్కా అని ఏదో నవ్వించబోయి తానే ఏడ్చింది. క్రాంతి బజ్జీల పొట్లం తెచ్చి గూట్లో పెడితే, పొద్దుటికి అది చీమలు పట్టి ఉంది.

రోడ్డు మీది బడికి మొదటి రోజు పిల్లల్ని తీసుకుపోయింది ఫెబీనే. పెద్దవాళ్ళందరూ కూలికి పోయారు. వాగులో నీళ్ళు పిల్లల మోకాళ్ళ దాకా ఉన్నాయి. చీర ఎత్తి దోపుకుని, ఒక్కొక్కరినే చెయ్యి పట్టి అవతలి గట్టుకు చేరుస్తోంది. పైన కొండ వాలు మీద మంద మేస్తోంది. మంద వెనక, తనకంటే పొడుగున్న కర్ర పట్టుకుని, నెత్తిన గోనెసంచి కొప్పెరతో ఒక చిన్న ఆకారం. పిల్లలు గుర్తుపట్టి, అంజలీ, అంజలీ అని అరిచారు. ఆ పిల్ల ఒకసారి ఆగింది. తప్పిపోతున్న గొర్రె ఒకటి కనబడితే దాని వెంట పరుగెత్తింది.

"అంజలి ఎప్పుడొస్తాదక్కా?" అని అడిగాడు అందరికంటే చిన్నవాడు.

ఫెబీ వంగి వాణ్ణి చంకకెత్తుకుని, నీళ్ళలోకి దిగింది. అడుగున రాళ్ళు పాచి పట్టి జారుతున్నాయి. అడుగు అడుగుకీ ఆగి, కాలు నిలదొక్కుకున్నాకే ఇంకో కాలు వేసింది.